తిన్నె మీద కొత్త మనిషి



ఈ శీర్షికకు ఉత్తరాలు వ్రాసేవారిలో కొందరు ఒకే ప్రశ్నను వేరువేరు మాటల్లో అడుగుతుంటారు. "మా ఊళ్లో వారానికొకసారి పదిమందిమి కూర్చుని మంచిచెడ్డలు మాట్లాడుకుంటాం. మొదట్లో బాగానే వచ్చేవారు. ఇప్పుడు పాతవాళ్లమే మిగిలాం. కొత్తవాళ్లను రప్పించడం ఎట్లా?" ఇట్టి ప్రశ్నకు జవాబు చెప్పే యోగ్యత నాకున్నదని నేను అనుకోను. ఎందుకంటే ఇదే జబ్బు మా తిన్నెకూ పట్టింది. అయినా ఈ మధ్య జరిగిన ఒక సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. దాని నిమిత్తం నలుగురిని అడిగాను, పాత పుస్తకాలు కొన్ని తిరగేశాను. తెలిసినంత మీ ముందు పెడుతున్నాను.

మాది కొత్తచెరువు. ధర్మవరం, పెనుకొండ, పుట్టపర్తి మూడు దిక్కులకూ ఇక్కడి నుండి బస్సులు పోతాయి. మాతో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక ఉపాధ్యాయుని ఇంటి ముందు పొడుగాటి తిన్నె ఉంది. శనివారం దీపాలు పెట్టే వేళకు అక్కడ చేరడం మాకు చాలా ఏళ్ల అలవాటు. మొదట వార్తాపత్రిక చదివి వినిపించేవాళ్లం. తరువాత దానిమీద మాటలు. చెనక్కాయ ధర, వాన, పిల్లల చదువు, పంచాయతీ కుళాయి, దేశం, విదేశం, అన్నీ వచ్చేవి. ఒకప్పుడు తిన్నె చాలక వీధిలో చాపలు వేసిన రోజులున్నాయి. ఇప్పుడు మేం ఏడుగురం. అందరం అరవై దాటినవాళ్లం, అందరం మగవాళ్లం. ఎవరు ఏ మాటకు ఏమంటారో ముందే తెలుసు. ఒకాయన తుంగభద్ర నీళ్ల సంగతి ఎత్తితే ఇంకొకాయన ఎక్కడ అడ్డు తగులుతాడో, మూడో ఆయన ఎక్కడ నవ్వుతాడో నేను కళ్లు మూసుకుని చెప్పగలను.

"కొత్త రక్తం కావాలి" అని మాలో ఒకరు ఏడాదికొకసారి అంటారు. అందరం తల ఊపుతాం. ఆ సంవత్సరానికి అదే మా ప్రయత్నం.

నిరుడు మాత్రం నిజంగానే కొంత చేశాం. కరపత్రాలు అచ్చువేయించి బస్సులు ఆగే చోట పంచాము. వాటిని చాలామంది చదివారు. కొందరు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఒక్కరూ రాలేదు. ఆటోకు మైకు కట్టి రెండు వీధులు తిప్పాము. ఏదో ఎన్నికల సభ అనుకుని పిల్లలు వెంట పరుగెత్తారు. చివరికి ఉగ్గాని, బజ్జీలు పెడదామన్నారు. ఆ శనివారం ముప్పైమంది వచ్చారు! మా సంతోషం చెప్పనలవి కాదు. బజ్జీలు అయిపోయాక చూస్తే మళ్లీ ఏడుగురం. మరుసటి వారం బజ్జీలు లేవని తెలిసి ఒక కుర్రవాడు వీధి మలుపు నుండే వెనక్కి తిరిగాడు. తినుబండారాలు పెట్టడం తప్పని అనను. అతిథికి ఏదైనా పెట్టడం మన మర్యాద. అయితే బజ్జీ కోసం వచ్చినవాడు బజ్జీతోనే పోతాడు. ఇందులో వాని తప్పేమీ లేదు. మేము పిలిచింది దానికే కదా.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. పోయిన జూన్‌లో ఒక శనివారం, పిలవకుండానే ఒకామె వచ్చింది. నలభై ఏళ్లు ఉండవచ్చు. మెట్టు మీద, గోడవారగా కూర్చుంది. మేము ఆ రోజు నదీజలాల మీద ఉన్నాం. గొంతులు పెరిగాయి. ఎవరి కోసమో వచ్చి వేచి ఉందని నేను అనుకున్నాను. ఇంటాయన కోసమని ఇంకొకరు అనుకున్నారట. ఇంటాయన నా కోసమనుకున్నాడు. గంటసేపు కూర్చుని, కొంగు సర్దుకుని, లేచి వెళ్లిపోయింది. మేం మాట ఆపలేదు.

రెండు నెలల తరువాత నా భార్య ద్వారా తెలిసింది. ఆమె మా వెనుక వీధిలోనే ఉంటుంది. భర్త ధర్మవరం యజమాని దగ్గర పట్టు తెచ్చుకుని ఇంట్లో మగ్గం నేస్తాడు. కూతురు పదవ తరగతి పాసయింది. ఇంటర్‌కు పంపాలని తల్లి, చాలని తండ్రి. "ఆ తిన్నె మీద చదువుకున్నోళ్లు అన్నీ మాట్లాడతారంట, అడిగి చూద్దాం" అని వచ్చిందట. అడగలేదు. పిల్ల ఇప్పుడు తండ్రి మగ్గానికి కండెలు చుడుతోంది.

ఆ రోజు ఆమె అడిగి ఉంటే ఆ ఇంటి నిర్ణయం మారేదని నేను చెప్పలేను. అడిగే చోటు ఆమెకు మేము ఇవ్వలేదు. అంతవరకు మాత్రం నిశ్చయంగా చెప్పగలను. కొత్తవాళ్లు రావడం లేదని ఏడాదికొకసారి తల ఊపే మేము, వచ్చిన కొత్త మనిషిని చూడనేలేదు.

అప్పుడు నేను పాత పుస్తకాలు తీశాను. జనాన్ని ఒక చోటికి రప్పించడం గురించి మన తెలుగువాళ్లలో అందరికంటె ఎక్కువ ఆలోచించినవారు గ్రంథాలయోద్యమం వారు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో, రామమోహన గ్రంథాలయంలో, ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధులు తొలిసారి సమావేశమయ్యారు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు అధ్యక్షులు. ఆ నాటికి చదవగలిగినవారే కొద్దిమంది. పుస్తకాలు బీరువాలో పెట్టి తలుపు తెరిస్తే జనం వస్తారన్న భ్రమ వారికి ఎక్కువ కాలం నిలువలేదు. చదవలేనివారికి చదివి వినిపించారు, రాత్రిబడులు పెట్టారు, గ్రంథాలయ యాత్రలని ఊరూరా తిరిగారు.

వారిలో పాతూరి నాగభూషణంగారి పని నాకు మిక్కిలి ఇష్టం. కృష్ణా డెల్టాలో ఆ రోజుల్లో ప్రయాణాలు కాలువల మీద. పడవ మెల్లగా పోతుంది. ఎక్కినవారికి గంటల తరబడి పని లేదు. 1935లో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువలో ఆయన పడవ గ్రంథాలయం నడిపించారు. పడవలో ఉన్నవారికీ, గట్టు మీది ఊళ్లవారికీ పుస్తకాలు అందాయి. తమిళ దేశంలో అంతకు కొంచెం ముందు, 1931లో, మన్నార్‌గుడిలో ఎద్దులబండి మీద గ్రంథాలయం బయలుదేరింది. దానిని ప్రారంభించినది గ్రంథాలయ శాస్త్రానికి పేరుపొందిన ఎస్.ఆర్. రంగనాథన్‌గారే.

ఈ రెండింటిలోనూ నాకు కనబడిన తెలివి ఒకటి ఉంది. "నీవు మా దగ్గరకు రా" అని వారు మొదట అనలేదు. మనిషి ఇప్పటికే ఎక్కడ కూర్చుని ఉన్నాడో, ఏ వేళ చేతులు ఖాళీగా ఉంటాయో చూశారు. అక్కడికి తాము పోయారు. మేము కరపత్రాలు ఎక్కడ పంచాము? బస్సు కోసం పరుగెత్తే మనిషి చేతిలో! వాడి మనసు ధర్మవరంలో ఉంది, మా తిన్నె మీద ఎట్లా ఉంటుంది?

మా ప్రాంతంలో జనం కూర్చుని ఉండే చోట్లు లేకపోలేదు. మగ్గం ఉన్న ఇంట్లో మాట ఆగదు. చేతులు నేస్తుంటాయి, నోరు ఖాళీగానే ఉంటుంది. ముంగారు వానకు ముందు విత్తనం కోసం చెనక్కాయలు ఒలిచే రోజుల్లో ఆడవాళ్లు ఇంటి ముందర గుంపుగా కూర్చుంటారు. ఆ గంటల్లో ఊరి సమాచారమంతా అక్కడే తేలుతుంది. మా తిన్నె మీద మేము చర్చించే చాలా సంగతులు అక్కడ అంతకు రెండు రోజుల ముందే చర్చకు వచ్చి, తీర్పు కూడా అయిపోయి ఉంటాయని నా భార్య అంటుంది. నేను ఎదురు చెప్పలేకపోయాను.

మాటల తిన్నెను జనం నిజంగా తమదిగా చేసుకున్న కథ ఒకటి మన రాష్ట్రంలోనే, నా తరం కళ్ల ముందే జరిగింది. ఈ శీర్షిక చదివే యువతీయువకులకు అది తెలియకపోవచ్చు గనుక కాస్త వివరంగా చెబుతాను. నెల్లూరు జిల్లా, కలిగిరి మండలం, దూబగుంట.

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రిబడికి రమ్మని పెద్దవాళ్లను పిలవడం ఎంత కష్టమో ఉపాధ్యాయునిగా నాకు తెలుసు. పగలంతా కూలికి పోయి, వచ్చి వంట చేసి, పిల్లలకు పెట్టి, గిన్నెలు కడిగిన ఆడమనిషిని "రా తల్లీ, అ ఆ లు దిద్దుదువు" అంటే ఆమె ఎందుకు వస్తుంది? అక్కడి కార్యకర్తలు ముందు పుస్తకం తీసుకుని పోలేదు. కళాజాతాలు కట్టి, పాటలు, చిన్న నాటికలు ఊరి మధ్యలో ఆడారు. ఆ నాటికల్లో కనబడినది చూసేవారి బ్రతుకే. బడి నడిపినవారు కూడా ఎక్కడి నుండో దిగినవారు కారు. చాలా చోట్ల ఆ ఊరి చదువుకున్న పిల్లలే, జీతం లేని వాలంటీర్లు. పక్కింటి పిల్ల వచ్చి "అత్తా, రా" అని చేయి పట్టుకుంటే కాదనడం కష్టం. వేళ కూడా చూడండి. గిన్నెలు కడిగిన తరువాతి వేళ.

అక్కడ చదివించిన పాఠాల్లో ఇల్లు ఉంది, కూలి ఉంది, సారా ఉంది. తాగి వచ్చి కొట్టే భర్త, కూలి డబ్బు సారా అంగడికి పోవడం, ఇవన్నీ ఆ వాచకాల్లో కథలుగా వచ్చాయి. అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆడవాళ్లు ఆ కథ దగ్గర ఆగిపోయారు. ఇది మన ఇంటిదే కదా అన్నారు. అక్కడ అక్షరం పక్కన పెట్టి మాట మొదలైంది. నా లెక్కలో ఆ బడి ఆ రాత్రే చర్చావేదిక అయింది. పిలిచేవారి పని అక్కడితో సగం తీరిపోయింది. ఎందుకంటే ఇక వచ్చినవారే రానివారిని పిలిచారు.

దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా అంగడిని మూయించారు. వారిలో ముందు నిలిచిన రోశమ్మ పేరు ఆ తరువాత రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఊరి కథ తరువాతి వాచకంలో 'ఆడవాళ్లు ఏకమైతే' అన్న పాఠమై మిగతా ఊళ్ల రాత్రిబడులకు చేరింది. చూడండి, ఒక తిన్నె మీద పుట్టిన మాట ఇంకొక తిన్నె మీదికి పాఠంగా పోయింది! 1992లో ఆ జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వకుండా ఆడవాళ్లు అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారన్నది కూడా చెప్పకపోతే అర్ధసత్యం అవుతుంది. రోశమ్మ 2016లో కన్నుమూశారు.

సారా పోయిన తరువాత ఆ కూడికలు చెదిరిపోలేదు. నెల్లూరు జిల్లాలో రోజుకొక రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి మొదలైంది. మాట కోసం కూడినవారు డబ్బు దాచుకోవడానికీ కూడారు. డబ్బు దాచుకోవడానికి వచ్చినవారు మాట కోసం ఉండిపోయారు. మాకు దగ్గరలో చెన్నేకొత్తపల్లి వైపు 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ కూడా ఆ దశాబ్దంలోనే ఆడవాళ్ల పొదుపు సంఘాలు పెట్టించింది. అట్టి సంఘానికి రమ్మని ఎవరూ మైకులో పిలవనక్కరలేదు. తన రూపాయి ఉన్న చోటికి మనిషి తనంతట తానే వస్తుంది. అందుకని మా తిన్నె మీద చీటీ పెట్టమని నేను అనడం లేదు (ఒకాయన వెంటనే ఆ ఉపాయమే చెప్పాడు, అందరం కలిసి మాన్పించాం). వచ్చిన మనిషిది ఏదో ఒకటి అక్కడ ఉండాలి. రూపాయి కాకపోతే ఆమె ప్రశ్న, ఆమె అనుభవం.

దూరదేశపు సంగతి ఒకటి. స్వీడన్‌లో 1902లో లుండ్ పట్టణంలో ఆస్కార్ ఓల్సన్ అనే ఉపాధ్యాయుడు అధ్యయన బృందాలు మొదలుపెట్టాడు. ఆశ్చర్యమేమంటే ఆయన కూడా మద్యపానాన్ని ఎదిరించే సంఘానికి చెందినవాడే. కొద్దిమంది కార్మికులు ఒక ఇంట్లో చేరడం, ఒక పుస్తకం చేతులు మార్చుకుని చదవడం, దాని మీద మాట్లాడుకోవడం. పాఠం చెప్పే పంతులు లేడు. ఆ దేశంలో నేటికీ అట్టి బృందాలు ఉన్నాయి. బృందం చిన్నదిగా ఉండటంలోనే దాని బలం. పదిమందిలో కొత్తవాడు కనబడతాడు. వందమందిలో మరుగున పడిపోతాడు. మేము మాత్రం ముప్పైమందిని చూసి మురిసిపోయాం.

ఇదంతా చదివి నేను తిన్నె మీద మావాళ్ల ముందు పెట్టాను. వాదన జరగకపోతే అది మా తిన్నె కాదు. "ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఎవరు వస్తారయ్యా" అన్నారొకరు. ఫోను తప్పు కొంత ఉందని ఒప్పుకుంటాను. అయితే ఆ నేతకారుని ఇల్లాలి చేతిలో కూడా ఫోను ఉండి ఉంటుంది. అది వదిలి నడిచి వచ్చింది. ఫోను చెప్పలేనిది ఏదో మనుషుల దగ్గర దొరుకుతుందనే కదా వచ్చింది.

మాలో అందరికంటె పెద్దాయన మాట నాకు నచ్చింది. "మనం కొత్తవాళ్లు రావాలంటాండాం గానీ, వస్తే మనకు కష్టమే అప్పా. మన మాట తగ్గించుకోవల్ల" అన్నాడు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నిజమే. పాతవాళ్లకు తమ చోటు, తమ హాస్యం, తమ పాత కొట్లాటలు ఉంటాయి. కొత్త మనిషికి వాటి తలాతోకా తెలియదు. మేము నవ్వితే తననే చూసి నవ్వామనుకోవచ్చు. మేము వేడెక్కితే నిజంగా కొట్టుకుంటామనుకోవచ్చు. ఆరాధనలో కూడా ఇది చూస్తుంటాం. కొత్త కుటుంబం వచ్చి వెనుక చాప మీద కూర్చుంటుంది, మనం ముందు వరుసలో మనవాళ్లను పలకరించుకుని ఇంటికి పోతాం.

వచ్చిన మనిషికి మొదటి పది నిమిషాలు చాలా కీలకం. కూర్చోవడానికి చోటు చూపించేవారు ఒకరుండాలి. మెట్టు మీద కూర్చున్నవారు మెట్టు మీది నుండే లేచిపోతారు. పేరు అడగాలి. ఎవరింటివారు, ఏ ఊరివారు, ఏ కులం అన్న ఆరాలు వద్దు. మన ఊళ్లలో ఆ ప్రశ్న ఎక్కడికి దారితీస్తుందో మీకు తెలుసు, ఆ మనిషికి ఇంకా బాగా తెలుసు. అప్పుడు జరుగుతున్న మాటేమిటో రెండు ముక్కల్లో చెప్పాలి. ఆ తరువాత ఆ మనిషికి తెలిసిన దానిని గురించి ఒక మాట అడగాలి. నేతగాణ్ణి తుంగభద్ర గురించి అడిగితే నోరు మూసుకుంటాడు. పట్టు ధర పెరిగినప్పుడు ఎవరి కూలి తగ్గుతుందని అడగండి. అప్పుడు మీరు నోరు మూసుకోవలసి వస్తుంది. అది మంచిదే.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. ఏడుగురు మగవాళ్ల మధ్యకు ఒక్క ఆడమనిషి దీపాలు పెట్టిన వేళ వచ్చి కూర్చోవడం మన ఊళ్లో సామాన్యమైన సాహసం కాదు. ఆమె వచ్చిందంటే అవసరం ఎంత పెద్దదో మేము గ్రహించవలసింది. "ఆడవాళ్లు రావచ్చు" అని మేము ఎప్పుడూ అనేవాళ్లం. రావచ్చు అన్నంత మాత్రాన దారి ఏర్పడదు. శనివారం సాయంకాలం ఏడు గంటలకు మా ఇళ్లల్లో ఆడవాళ్లు ఏం చేస్తుంటారు? పొయ్యి దగ్గర ఉంటారు. నా భార్య కూడా. ఇన్నేళ్లలో ఆమె తిన్నె మీదికి ఎందుకు రాలేదని నేను ఒక్కసారీ అడిగి ఉండలేదు. ఈసారి అడిగాను. "నేనొస్తే మీకు కాఫీ ఎవరు పంపిస్తారు?" అన్నది.

పిలుపు గురించి ఇంకొక్క మాట. కరపత్రం పిలుపు కాదు. పోయి, ఇంటి ముందు నిలబడి, పేరు పెట్టి పిలిచి, "శనివారం నేను వచ్చి తోడు తీసుకుపోతాను" అంటే అది పిలుపు. తీసుకువచ్చినవారు ఆ రోజంతా పక్కనే కూర్చోవాలి. మరుసటి వారం మళ్లీ పోవాలి. మొదటిసారి మొహమాటానికి వస్తారు, రెండోసారి మర్యాదకు వస్తారు. మూడోసారి వచ్చారంటే అది వారి ఇష్టం. ఏడుగురం ఇంటికొకరిని తీసుకువస్తే పద్నాలుగుమందిమి. అంతకు మించి ఆ తిన్నె పట్టదు. పట్టనంతమంది అయితే, వెనుక వీధిలో ఇంకొక ఇంటికి తిన్నె ఉంది.

ఈ మాటలన్నీ తిన్నె మీద చెప్పడం తేలిక. చేయవలసిన మొదటి పని నాకు తెలుసు. రెండు వారాలు వాయిదా వేశాను, సిగ్గు వలన. మూడో వారం నా భార్యను తోడు తీసుకుని వెనుక వీధికి పోయాను.

మగ్గం చప్పుడు బయటికే వినబడుతోంది. ఆమె బయటికి వచ్చి, నన్ను చూసి, కొంగు తల మీదికి లాక్కుంది. ఆ రోజు పలకరించనందుకు క్షమించమని అడిగాను.

"అయ్యో, అదేం మాట సార్" అన్నది. కొంచెం ఆగి, "నేను గంటసేపు కూచ్చొంటి. మీరు మీరే మాట్లాడుకుంటాండిరి. ఒక్కరన్నా ఏమ్మా అని అడుగుతారేమోనని చూస్తి" అన్నది. కోపంగా అనలేదు. అందుకే నాకు ఇంకా బాధ కలిగింది.

పిల్ల లోపల నుండి తొంగిచూసింది. చేతిలో కండె ఉంది. చదువు ఆగిపోయినా ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్ వ్రాసే వీలుందని చెప్పాను. 1991 నుండి మన రాష్ట్రంలో ఆ సొసైటీ పనిచేస్తోంది, ఇంట్లో పని చేసుకుంటూ కూడా చదవవచ్చు. మగ్గం ఆగింది. తండ్రి గుంతలో నుండే, తల ఎత్తకుండా, "ఫీజెంత సార్?" అన్నాడు.

కనుక్కుని శనివారం చెబుతానన్నాను. "శనివారం మీరే రాండి, మీ అమ్మాయిని కూడా తీసుకుని రాండి. ఆ రోజు అదే మాట్లాడుకుందాం. పదవ తరగతి తరువాత ఆగిపోయిన పిల్లలు మన రెండు వీధుల్లోనే ఎంతమంది ఉన్నారో మీకే తెలుస్తుంది, మాకు తెలియదు" అని చెప్పాను. ఆమె నా భార్య వైపు చూసింది. "అక్కా, నువ్వు వస్తావా?" అని అడిగింది.

నా భార్య వస్తానన్నది. వేళ మార్చాము, సాయంకాలం నాలుగు గంటలకు పెట్టాము. తుంగభద్ర ఆయన మొదట గొణిగి, ఆ తరువాత తన ఇంటి నుండి రెండు చాపలు తెచ్చి ఇచ్చాడు. కాఫీ ఎవరు కాయాలన్నది ఇంకా తేలలేదు. ఆ పూట నా వంతని నా భార్య అంటోంది.